పంది చెప్పిన కబురు

పోయిన నెల మదనపల్లెలో, కొత్తగా చేరిన టెక్నీషియన్లకు పని నేర్పే బాధ్యత నామీద పడింది. మూడు నెలల పందిపిల్లను పట్టుకుని, మెడ దగ్గర సిరలోంచి కొంచెం నెత్తురు తీయాలి. అంతే. నలుగురు కలిసి పట్టుకున్నా అది పెట్టిన అరుపులకు పక్క వీధి జనం కిటికీలు తెరిచి చూశారు. లాభం లేదని నేనే నేలమీద చతికిలబడి, దాన్ని వెల్లకిలా తొడల మధ్య పడుకోబెట్టుకుని, బొడ్డు చుట్టూ అరచేత్తో నెమ్మదిగా రాస్తూ కూర్చున్నాను. కాసేపటికి అరుపు మూలుగైంది. ఇంకాసేపటికి గురకైంది.

"ఇప్పుడు తియ్యండి" అన్నాను.

ఒకమ్మాయి సూది గుచ్చి, గొట్టం నింపుకుని, "ఇది ఏ ట్రైనింగ్‌లో చెప్పారు మేడమ్?" అని అడిగింది.

"పుంగనూరు దగ్గర ఒకామె చెప్పింది" అన్నాను. ఇంకా చెప్పాలనిపించింది గానీ, పది పందిపిల్లలు వరసలో ఉన్నాయి. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. పేరు కాగితం మీద పడటం ఆమెకు గిట్టదు. "మా నాయన పేరు పోలీసోళ్ళ కాయితం మింద ఉన్నాది పాపా. ఊర్లో యాడ దొంగతనం జరిగినా మా నాయన్నే పిలుస్తాండ్రి. పంది చెవికి నంబరు ఏసుకో. నాకి వొద్దు" అంది మొదటిరోజే. అందుకని మా రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన చోట ఆరేళ్ళపాటు 'చెరువు కింద ఆమె' అనే ఉంది. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇదేమిటని అడిగితే, మా పశువుల డాక్టరు గారు, "ఆ ఊళ్ళో అడిగి చూడండి సార్, ఆ పేరుతోనే ఇల్లు చూపిస్తారు" అన్నారు.

పొడుగ్గా, ఎముకల మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, భుజం మీద తువ్వాలు వేసుకునేది. ఎప్పుడు చూసినా చేతులు ఎర్రగా ఉండేవి. నెత్తురు కాదు, టమాటాలు. మార్కెట్లో ఎవరూ కొనని మెత్తబడ్డ టమాటాలు తట్టల్లో తెచ్చి, తవుడులో పిసికి పందులకు పెట్టేది. వాటి మూతులూ ఎర్రగానే ఉండేవి. పందుల్ని కూడా మనుషుల్ని పిలిచినట్టే అప్పా, అమ్మా అని పిలిచేది. విసుగొస్తే మనుషుల్ని 'పందీ' అని తిట్టేది గానీ, పందుల్ని ఆ మాట అనగా నేను వినలేదు.

ఆమెను మొదటిసారి చూసిన రోజు మేము అప్పటికే మూడిళ్ళు తిరిగి, మూడుచోట్లా కాదనిపించుకుని ఉన్నాం. మా పని అలాంటిది. మెదడువాపు జ్వరం తెచ్చే వైరస్ చెరువుల దగ్గరి కొంగల్లో ఉంటుంది. వరికయ్యల నీళ్ళలో పుట్టి, పొద్దుగూకే వేళ నుంచి కుట్టే దోమ దాన్ని కొంగల నుంచి పందులకు, పందుల నుంచి ఒక్కోసారి మనుషులకు మోస్తుంది. పంది మామూలుగా జబ్బుపడదు. మేస్తుంది, పడుకుంటుంది. కానీ దాని నెత్తుట్లో గుర్తు మిగులుతుంది. పదిహేను రోజులకొకసారి అవే పందిపిల్లల నెత్తురు చూస్తూ ఉంటే, పిల్లలెవరూ జ్వరంతో పడకముందే ఆ వైరస్ ఊరి దగ్గరికి వచ్చిందని తెలుసుకోవచ్చు. ఇదంతా డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఆమె టమాటాలు ఏరుతూనే వింది.

"అంటే నా పందులకి రోగం ఉండాదని మీరే కనిపెడతారు. పోయి ఊరోళ్ళకి సెప్తారు. వాళ్ళొచ్చి పందుల్ని తోలుకపోతారు. అంతేగదా?"

అంతకుముందు ఒక ఏడు ఊళ్ళో జ్వరాలొస్తే, ఊరి పెద్ద ఒకాయన మాట మీద లారీ వచ్చి పందులన్నిటినీ ఎక్కించుకుపోయిన సంగతి మాకు పక్కింట్లో చెప్పే ఉన్నారు. పందులు పోయినా జ్వరాలు తగ్గలేదట.

"ఒక మాట ఒప్పుకుంటే తీసుకోండి" అంది ఆమె. "నా పంది నెత్తుర్లో ఏముండాదో ముందు నాకి సెప్పాల. ఊరికి తరవాత."

డాక్టరు గారు నా వైపు చూశారు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాలేదు, ఎవరు ఏ మాట ఇవ్వొచ్చో ఇంకా తెలీదు. "సరే పెద్దమ్మా" అనేశాను.

అప్పుడు లేచి, దొడ్డిలోంచి ఒక పిల్లను చంకన వేసుకొచ్చి కూర్చుని, నేను పైన చెప్పినట్టు పడుకోబెట్టుకుంది. "కుట్టిచ్చుకో అప్పా. సూదిపాప వచ్చినాది. సిటికంత నెత్తురు ఇచ్చి పో" అంటూ పొట్ట రాసింది. ఆనాటి నుంచి నేను ఆమెకు సూదిపాపనే. మా అమ్మ మదనపల్లెలో మిషనాసుపత్రిలో ఆయాగా చేసిందని తెలిశాక, "మీయమ్మ మనుషుల నెత్తురు కడిగె. నువ్వు పందుల నెత్తురు పట్టుకుంటాండావు. మేలే, పందులు అబద్ధాలాడవు" అంది.

వాళ్ళ అవ్వ బుట్టా కర్రా పట్టుకుని ఊరూరా సోది చెప్పేదట. ఒకరోజు నేను గొట్టాలకు చీటీలు అంటిస్తుంటే ఆ మాట ఎత్తింది.

"మా అవ్వ సెయ్యి సూసి సెప్తాండె. నువ్వు నెత్తురు సూసి సెప్తాండావు. ఆమె సెప్పేదాంట్లో సగం అబద్ధం. మరి నీది?"

"మాకూ అప్పుడప్పుడు తప్పొస్తుంది పెద్దమ్మా. అనుమానమొస్తే రెండోసారి చూస్తాం."

"అట్లయితే నువ్వే మేలు. మా అవ్వ రెండోసారి సూసేది గాదు."

మొదటి పరీక్షల్లో ఏమీ రాలేదు. ఏమీ రాలేదు కాబట్టి నేనూ చెప్పడానికి వెళ్ళలేదు. పదిహేను రోజుల తర్వాత జీపు దిగేసరికి దొడ్డి వాకిలికి ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. ఆమె దాని అవతల నిలబడి ఉంది.

"యాల రాలేదు?"

"ఏమీ లేదు కదా, అందుకని..."

"ఏమీ లేదని నీకి తెలుసు. నాకెట్ల తెలుస్తాది? పదైదు దినాలు పందుల మొగాలు సూసుకుంటా కూసుంటి. దగ్గితే రోగమేమో, పడుకుంటే రోగమేమో అని. లేదని గూడా సెప్పాల పాపా."

మా మాన్యువల్లో ఆ సంగతి లేదు. వైరస్ ఉంటే చెప్పాలని ఉంది గానీ, లేకపోతే చెప్పాలని లేదు. ఆ తర్వాత నేను ప్రతిసారీ చెప్పాను. మొదట్లో బస్సెక్కి వెళ్ళి, తర్వాత పక్కింటివాళ్ళ ఫోనుకు చేసి. "లేదు పెద్దమ్మా" అంటే, ఫోను చేత్తో మూయకుండానే దొడ్డి వైపు తిరిగి, "ఏమీ లేదంటప్పా, గమ్మున మెయ్యండి" అని అరిచేది.

మూడో ఏడు వానలు ముందే వచ్చాయి. చెరువు నిండి, దాని కింద కయ్యలన్నీ నాట్లతో పచ్చబడ్డాయి. తెల్లగా ఎక్కడ చూసినా కొంగలే. ఆ వారం మూడు పందిపిల్లల నెత్తుట్లో గుర్తు కనిపించింది. రెండోసారి చూశాం. మూడోసారి కూడా చూశాం. ఉంది.

డాక్టరు గారు పైకి ఉత్తరం రాశారు. "వాళ్ళొచ్చి చెప్పేదాకా మనం నోరెత్తకూడదు. జనం గాబరాపడతారు" అన్నారు.

"ఆమెకు మాటిచ్చాం కదా సార్."

"ఇచ్చింది నువ్వు" అన్నారాయన, తల ఎత్తకుండా.

అది వద్దనడమో, వెళ్ళమనడమో నాకు ఇప్పటికీ తెలీదు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే పుంగనూరు వెళ్ళాను.

తవుడు కలుపుతోంది. చెప్పాను. చేతులు తొట్టిలోనే ఉంచి వింది.

"ఎన్నిటికి?"

"మూడింటికి."

"బాగా మేస్తాండాయే!"

"వాటికేం కాదు పెద్దమ్మా. దోమ వాటిని కుట్టి, కొన్నాళ్ళకు పిల్లల్ని కుడితేనే. చాలామందికి ఏమీ కాదు. ఎవరో ఒకరికి మెదడుకెక్కుతుంది. ఎక్కితే బతకడం కష్టం. బతికినా కొందరికి కాళ్ళూ చేతులూ..." వాళ్ళ మనవరాలు అరుగు మీద కూర్చుని జడ వేయించుకుంటోంది, బడికి వెళ్ళడానికి.

"మందు లేదా?"

"వచ్చాక లేదు. రాకముందు టీకా ఉంది. ఈ పక్క ఊళ్ళలో చాలామందికి పడలేదు."

ఆ రోజు పలమనేరు నుంచి పందుల వ్యాపారి బండి వచ్చే రోజు. ఎక్కించి పంపేస్తే మధ్యాహ్నానికి దొడ్డి ఖాళీ అవుతుంది. తర్వాత ఎవరొచ్చి అడిగినా చూపించడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి నాకు తట్టింది, ఆమెకు తట్టకుండా ఉండదు. తొట్టిలోంచి చేతులు తీసి కడుక్కుంది. లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. వ్యాపారి వస్తే వెనక్కి పంపేయమని కోడలికి చెప్పింది.

"పా" అంది నాతో.

"ఎక్కడికి?"

"పాలకాడికి. ఊరంతా ఆడనే ఉంటాది ఇబ్బుడు."

పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళూ మగవాళ్ళూ క్యాన్లతో వరసలో ఉన్నారు. ఆమె ఎప్పుడూ అక్కడికి వెళ్ళే మనిషి కాదు. మెట్టెక్కలేదు. కిందనే నిలబడి గొంతెత్తింది.

"అందరూ వినండమ్మా. నా పందుల నెత్తుర్లో మెదడువాపు జ్వరం కనిపిచ్చినాది. మూడిటికి. ఎవురో సెప్తే వినడం యాలని నేనే సెప్తాండాను."

లోపల స్టూలు మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. మునుపు జ్వరాలప్పుడు లారీ పిలిపించింది ఆయనే అని తర్వాత తెలిసింది.

"సూసినారా? నేను ఎన్నాళ్ళ నించి మొత్తుకుంటాండా! ఈ పొద్దే లారీ పిలిపిచ్చండి."

"పిలిపిచ్చప్పా" అంది ఆమె. "ఎక్కిచ్చుకోని పో. పందులు పోతే దోమలు పోతాయా? కొంగలు పోతాయా? పోయినసారి ఎక్కిస్తివే, జ్వరం పోయెనా? పంది సెప్పినాది కాబట్టి ఈ పొద్దు మనకి తెలిసినాది. పంది లేకుంటే ఈ మాట నీ మనవరాలు సెప్పాల్సి వస్తాండె, జ్వరంతో పడుకోని."

పాలు కొలిచే ఆమె చేతిలో కొలత గిన్నె అలాగే ఉండిపోయింది.

వరస చివర చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె నా వైపు తిరిగి, "మేడమ్, ఆ టీకా యాడ ఏస్తారు?" అంది.

అప్పుడిక నేను చెప్పాల్సి వచ్చింది. ఏ వయసువాళ్ళకో, చీకటి పడే వేళ పిల్లల్ని ఎలా కప్పి ఉంచాలో, జ్వరంతో మూర్ఛ వస్తే ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పాను. అందరూ విన్నారు. ఆ మధ్యాహ్నమే సర్పంచి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాడు. మా ఉత్తరం కూడా తిరగాల్సిన బల్లలన్నీ తిరిగి అక్కడికి చేరింది. వారం తిరక్కముందే బడిలో టీకాల శిబిరం పెట్టారు. వరసలో మొదట నిలబడింది ఆమె మనవరాలు. రెండోది పెద్దాయన మనవరాలు.

ఎవరూ అడక్కముందే ఆమె పందుల్ని ఊరికీ కయ్యలకూ దూరంగా గుట్ట అవతలి మెట్టనేలకు తోలుకుపోయింది. టార్పాలిన్ కట్టుకుని, పైరు కోతకొచ్చేదాకా అక్కడే ఉంది. నెత్తురు తీయడానికి నేను గుట్ట చుట్టూ నడిచి వెళ్ళేదాన్ని.

"నిన్ను తిట్టినారా?" అని అడిగింది ఒకరోజు.

"మెమో ఇచ్చారు. అంటే కాగితం మీద తిట్టడం."

"నన్ను నోటితో తిట్టినారు. మా వాళ్ళు గూడా తిట్టినారు, యాపారిని యాల పంపిచ్చేస్తివని. ఇద్దరికీ సరిపాయలే" అని, సంగటి ముద్దా చెనిక్కాయల ఊరిబిండీ ఆకులో పెట్టి ఇచ్చింది. ఇద్దరం తిన్నాం. ఎండ వెచ్చగా ఉంది. పందులు రాళ్ళ మధ్య పడుకుని ఉన్నాయి. మెమో తీసుకున్న మనిషికి అంత హాయిగా ఉండకూడదు గానీ, నాకు హాయిగానే ఉండింది.

ఆ ఏడు ఆ ఊళ్ళో ఒక్క బిడ్డకు కూడా మెదడువాపు రాలేదు. టీకా వల్లనో, పందులు దూరంగా పోవడం వల్లనో, వానలు తొందరగా ఆగిపోవడం వల్లనో, నేను చెప్పలేను. ఆమెకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పెద్దాయన ఆమెతో ఒక్క మంచి మాటా అనలేదు. కానీ పందులు దొడ్డికి తిరిగొచ్చిన వారం ఒక తవుడు బస్తా ఆమె వాకిట్లో దించిపోయారు. ఆయన పంపించాడా అని నేనడిగితే, "నాకి గాదులే, పందులకి పంపిచ్చినాడు" అంది.

తర్వాత ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. పందుల్ని చూసుకోలేక అమ్మేసి, కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కూతురు రోజూ పొద్దునే రైలెక్కి బెంగళూరు వైపు ఫ్యాక్టరీ పనికి పోయి, సాయంత్రానికి వస్తుంది. ఒకే వరసలో ఆరు వాటాల ఇల్లు. నేను డెంగీ జ్వరాల సర్వే మీద కుప్పం వెళ్ళినప్పుడు, ఆ వీధి దగ్గరే అని అడ్రసు వెతుక్కుంటూ పోయాను.

"బొగ్గవ్వ కోసరమా?" అంది పక్కవాటా ఆమె, తమిళం యాసలో.

బొగ్గవ్వ ఏమిటో లోపలికెళ్ళాక తెలిసింది. మా పెద్దమ్మ చేతులు ఇప్పుడు ఎర్రగా లేవు, నల్లగా ఉన్నాయి. గోడ పట్టుకుని నడుస్తూ నన్ను బయటికి తీసుకొచ్చి, ఒక్కో వాకిలి పక్కనా బొగ్గుతో గీసిన గీతలు చూపించింది.

"జ్వరమొచ్చినింటికి మనిషికొక గీత. ఆసుపత్రికి పోయి సూపిచ్చుకోనొస్తే దానిమింద అడ్డగీత. సూడు, ఈ పక్క మూడిళ్ళకీ ఉండాయి. ఆ పక్క ఒకటీ లేదు. యాల పాపా?"

మా ఆఫీసులో ఇదే పని కంప్యూటరు మీద రంగు చుక్కలతో చేస్తాం.

ఇద్దరం ఇంటి వెనక్కి వెళ్ళాం. గీతలున్న వైపు సగం కట్టిన మేడ ఒకటి ఉంది. దాని సిమెంటు తొట్టిలో నీళ్ళు నిలబెట్టి ఉన్నాయి, మూత లేదు. కొంగులోంచి టీ వడకట్టే జల్లెడ తీసి ముంచింది. దోమపిల్లలు మెలికలు తిరుగుతూ జల్లెడ నిండా వచ్చాయి.

"ఇది పందులకాడి దోమ గాదు గదా?"

"కాదు. ఇది పగలు కుట్టేది. మంచినీళ్ళలో పుట్టేది. మీ వీధిలో జ్వరాలు దీనివే అయ్యుంటాయి."

ఆమె మేస్త్రీని కేకేసింది. "ఏమప్పా, నువ్వు పారబోస్తావా, నేను పారబొయ్యల్లా?" ఆమె మోకాళ్ళ సంగతి తెలిసినా, మేస్త్రీ ఆమె ముఖం చూసి బకెట్టు తెచ్చుకున్నాడు. నేను జ్వరంతో ఉన్న ఇద్దరి నెత్తురు తీసుకున్నాను. డెంగీయే అని తేలింది. ఆరోగ్య కార్యకర్తలు వచ్చి వీధంతా తిరిగారు. ఆ ఇద్దరూ కోలుకున్నారు. మధ్యలో ఇంటి యజమాని వచ్చి గోడంతా పాడుచేస్తున్నావని గొడవపడితే, "జ్వరాలు పోనీప్పా, నేనే సున్నం కొడతా" అందట. కొట్టించింది కూడా. కూతురి ఫోనులో నాతో చెప్పి నవ్వింది. "తెల్లగుండాది పాపా గోడ. సూసేదానికి రా."

వెళ్ళడానికి నాకు కుదరలేదు. చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, భోంచేసి పడుకున్నదల్లా లేవలేదని కూతురు చెప్పింది. పెద్దగా బాధపడలేదట. వాళ్ళ ఆచారం ప్రకారం అన్నీ అయిపోయాక, తర్వాతి ఆదివారం నేను కుప్పం వెళ్ళాను. కూతురు ఇంకా బజారు నుంచి రాలేదు. తాళం వేసి ఉన్న వాకిట్లో నిలబడితే, ఆ తమిళం యాస ఆమె చేతిలో చీపురుతో బయటికొచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. భుజాన సంచి చూసింది.

"జ్వరం సూసేదానికి వచ్చినారా మేడమ్?" అంది. నేను జవాబు చెప్పేలోపే వరస చివరికి చెయ్యి చూపింది. "ఈ ఐదిళ్ళలో ఎవురికీ ఏమీ లేదు. ఆ కొనింటి పాపకి మాత్రం నిన్న సాయంత్రం ఒళ్ళు కాలినాది. వాళ్ళమ్మ రేపు సూద్దాములే అనె. నేను ఇనలేదు. పొద్దన్నే ఆటో ఎక్కిచ్చి ఆసుపత్రికి పంపిస్తి."

పరామర్శకు వచ్చానని నేను చెప్పలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆ పాప వయసెంతని అడిగాను.